పెన్సిల్‌తో రాసిన పేరు

నా మనుమరాలు పావని విషయంలో జరిగిన తప్పులను, జరిగిన నాడే, తేదీ వేసి నా నోటు పుస్తకంలో రాసి ఉంచాను. ఒక్క అక్షరం మార్చకుండా వాటిని ఇక్కడ ఎత్తి రాస్తున్నాను. ఆమెకు జబ్బు చేసిన సంవత్సరాన్ని మొదటి ఏడుగా లెక్క పెట్టాను.

ఒకటి. మొదటి ఏడు, ఆగస్టు 21. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం తరగతిలో ఒక అధ్యాపకుడు, మా అనుమతి లేకుండా, పావనికి క్యాన్సర్ అని అందరికీ ప్రకటించి, పిల్లలను నిలబెట్టి ప్రార్థన చేయించారు. ఆ మాట పావనికి మేమే ఇంకా చెప్పలేదు.

రెండు. రెండవ ఏడు, మే 6. ఆసుపత్రిలో మూడు నెలల పరీక్షకు వెళ్ళినప్పుడు పావని నోరు తెరిచి, తనకు నిద్ర పట్టడం లేదని చెప్పింది. స్కాన్ బాగుంది కదా అన్న జవాబు వచ్చింది.

మూడు. రెండవ ఏడు, నవంబరు 24. దగ్గరి బంధువుల పెళ్ళిలో పావని చేతిలోని అక్షింతల పళ్ళెం తీసివేసుకున్నారు.

నాలుగు. మూడవ ఏడు, జూలై 8. విజయనగరంలో డిగ్రీ కళాశాల మహిళా వసతి గృహంలో, వ్యాధి మళ్ళీ రాదని ధ్రువపత్రం తెస్తేనే గది ఇస్తామన్నారు.

ఐదు. మూడవ ఏడు, ఆగస్టు 8. దీనిపై నేను రిజిస్టరు పోస్టులో పంపిన లేఖకు సమాధానం లేదు.

ఆరు. మూడవ ఏడు, సెప్టెంబరు 12. రెండవ లేఖకు ఫోనులో నోటిమాటగా సమాధానం చెప్పారు. రాతలో ఇవ్వమంటే నవ్వారు.

ఏడు. మూడవ ఏడు, డిసెంబరు 13. వంతుల పట్టికలో తాత నా పేరు పెన్సిల్‌తో రాశాడు.

ఈ ఏడవ అంశం నేను రాసినది కాదు. నా పుస్తకంలో, నా ఆరు అంశాల కింద, పావని తన చేతితో చేర్చింది. మొదటి ఆరింటికి ఇతరులు బాధ్యులు. ఏడవదానికి నేను. ఏడింటినీ కలిపి చెబితేనే సంగతి పూర్తిగా చెప్పినట్టవుతుంది. ఇటువంటి పిల్లలున్న ఇళ్ళవారు ఇది చదివి, నేను ఆలస్యంగా తెలుసుకున్నదాన్ని ముందే తెలుసుకుంటే నా శ్రమకు ఫలం దక్కినట్టే.

నేను రైల్వేలో ముప్పై ఆరేళ్ళు పనిచేసి స్టేషన్ మాస్టరుగా పదవీ విరమణ చేశాను. కొత్తవలసలోనూ చీపురుపల్లిలోనూ చేశాక, చివరి ఉద్యోగం కోటబొమ్మాళిలో. తరువాత అక్కడే ఇల్లు కట్టుకున్నాను. నా భార్య పోయి తొమ్మిదేళ్ళయింది. నా కొడుకు రవి గూడ్సు బండ్ల గార్డు. కొత్తవలస నుంచి కిరండూల్ లైను మీద తిరుగుతాడు. నెలలో ఇంట్లో ఉండేది కొద్ది రోజులు. కోడలు ఉమ, వాళ్ళ ఒక్క కూతురు పావని నా దగ్గరే ఉంటారు.

స్టేషన్ మాస్టరుకు రిజిస్టరే ప్రాణం. ఏ బండి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వదిలాము అన్నది సిరాతో రాయాలి. పెన్సిల్ నిషిద్ధం. పొరపాటు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. దాని మీద ఒక్క గీత గీసి, కింది అక్షరం కనబడేటట్టు ఉంచి, పక్కన పొడి సంతకం పెట్టాలి. ఈ నియమాన్ని నేను ఇంట్లో పాలపుస్తకానికి కూడా పాటించాను.

మా పూర్వులు మాత్రం రైల్వేవాళ్ళు కారు. కోటబొమ్మాళికి దగ్గరలోని మా ఊరి గుడిలో నాలుగు తరాలుగా పాడుతున్నవాళ్ళు. ధనుర్మాసం ముప్పై రోజులూ తెల్లవారుజామున మా ఇళ్ళ ఆడపిల్లలు, రోజుకొకరు చొప్పున, స్వామి ఎదుట ఆ నాటి పాట పాడాలి. ఏ రోజు ఎవరిదన్నది వంతుల పట్టికగా రాసి గుడి మండపం గోడకు అతికిస్తారు. మా నాన్నగారి తరువాత ఆ పట్టిక రాసే పని నాది. పావనికి తొమ్మిదో ఏట నుంచి ఇరవై మూడవ రోజు కేటాయించాను. జబ్బు చేసేదాకా ఆ రోజు మరెవరికీ ఇవ్వలేదు.

ఇక జబ్బు సంగతి.

మొదటి ఏడు జూన్ చివర పావనికి సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. మెడ పక్కన చిన్న గడ్డ కనబడింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. నెలన్నర ఇక్కడి మందులు వాడి, ఆగస్టు రెండవ వారంలో విశాఖపట్నం తీసుకువెళ్ళాము. పేరు తెలిసింది. నయమయ్యే రకమని, ఆరు నెలలు చికిత్స చేయాలని డాక్టరు గారు చెప్పారు. ఆ సాయంత్రం నేను పుస్తకంలో వ్యాధి పేరు సిరాతో రాశాను. పావనితో మాత్రం "ఏదో గ్రంథి వాపు" అన్నాను. ఉమ కూడా అదే అంది. రవి ఫోనులో అదే అన్నాడు. ముగ్గురం ముందుగా అనుకోలేదు. అబద్ధం దానంతట అదే ముగ్గురి నోటా ఒకే మాటగా వచ్చింది.

సెలవు చీటీతోపాటు ఆసుపత్రి కాగితం నకలు ఉమ కళాశాలకు పంపింది. మొదటి అంశంలోని ప్రార్థన దాని ఫలితం. ఆ మధ్యాహ్నం పావని స్నేహితురాలు ఏడుస్తూ ఫోను చేసి, "పావనీ, నువ్వు సచ్చిపోతావేటే?" అని అడిగింది. పావని ఫోను చేతిలోనే పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"తాతా, నాకేటి జబ్బు?"

పుస్తకం తెరిచి ఆ పేజీ ఆమె ముందు పెట్టాను. నిలబడే చదివింది.

"పదకొండో తేదీన రాశావు," అంది. "ఈరోజు ఇరవై ఒకటి."

పది రోజులు ఆలస్యం. నేను అధ్యాపకుడి మీద అంశం రాశాను. నా ఆలస్యాన్ని రాసుకోలేదు.

చికిత్స ఫిబ్రవరి వరకు సాగింది. మందు ఎక్కించే రోజుల్లో తోడు వెళ్ళేవాణ్ణి నేనే. రవి సెలవు పెట్టగలిగీ పెట్టలేదు. ఇతరుల డ్యూటీలు కూడా తానే అడిగి తీసుకున్నాడు. అది చూసి ఉమ ఒకనాడు వంటగదిలోంచే, "మీ అబ్బాయికి బండి ఉన్నాది మావయ్యగారూ, ఎక్కేసి ఎలిపోతాడు. నాకే బండీ లేదు," అంది. కొడుకును సమర్థించనూ లేదు, తప్పు పట్టనూ లేదు. ఆ ఆరు నెలలు మా ఇంట్లో వంట జరిగింది, బట్టలు ఉతికారు, మందులు వేళకు ఇచ్చాము. మాట్లాడుకోవడం మాత్రం ఆగిపోయింది.

ఆసుపత్రిలో వరుసగా స్టీలు కుర్చీలు. టోకెన్ నంబరు పిలిచేదాకా మూడు గంటలు, నాలుగు గంటలు. అక్కడ పెద్దవాళ్ళ వార్డుకూ పిల్లల వార్డుకూ మధ్య ఈ వయసువాళ్ళకంటూ చోటు లేదు. ఒకవైపు బొమ్మలు వేసిన గోడ, మరోవైపు నా వయసు రోగులు. పావని ఎప్పుడూ మధ్యనున్న నడవలో, ఎవరి పక్కనా కాకుండా, చివరి కుర్చీలో కూర్చునేది.

ఆ వార్డు ఊడ్చే ఆయా పేరు అప్పలనర్సమ్మ. జుట్టు రాలిపోయిన వారం పావని తలకు గుడ్డ బిగించుకుని గోడవైపు తిరిగి కూర్చుంటే, ఆవిడ చీపురు ఆపి ముందుకు వచ్చి నిలబడింది.

"ఏటే పిల్లా, మొకం అలాగ ఏలాడేసినావు? జుత్తు పోతే పోయినాది. మీ అమ్మకి సిక్కు దీసే పని తప్పినాది. మల్లీ వస్తాది. అప్పుడు నానే కూకుని పేలు సూస్తాను."

"నాకు పేలు లేవు," అంది పావని కోపంగా.

"ఆ సంగతి జుత్తొచ్చాక తెలుస్తాదిలే."

పావని నవ్వింది. ఆ నెలలో అది మొదటి నవ్వు. తేదీ రాసుకున్నాను. అక్టోబరు 9.

ఆ సంవత్సరం వంతుల పట్టికలో ఇరవై మూడవ రోజుకు పావని పేరు సిరాతోనే రాశాను. ధనుర్మాసం నాటికి కోలుకుంటుందని నమ్మాను. జనవరిలో ఆ రోజు వచ్చేసరికి ఆమె ఆసుపత్రి మంచం మీద ఉంది. రిజిస్టరు నియమం ప్రకారం ఆమె పేరు మీద గీత గీసి, పక్కన పొడి సంతకం పెట్టి, మరొక అమ్మాయి పేరు రాశాను. దాని గురించి మళ్ళీ చెబుతాను.

ఫిబ్రవరిలో చికిత్స ముగిసింది. డాక్టరు గారు చేతులు కలిపి, "ఇక అమ్మాయి మామూలుగా ఉండవచ్చు," అన్నారు. చీపురు పట్టుకుని అప్పలనర్సమ్మ గేటు దాకా వచ్చింది. ఇంటికి వచ్చాక వీధిలో అందరికీ ఉమ లడ్డూలు పంచింది. కష్టం అయిపోయిందని నేను పుస్తకంలో రాసుకున్నాను. ఆ వాక్యం మీద తరువాత గీత గీయవలసి వచ్చింది.

అసలైన ఒంటరితనం అప్పుడు మొదలైంది. జబ్బుగా ఉన్నప్పుడు మా ఇంటికి వచ్చిన బంధువుల, స్నేహితుల పేర్లు నా దగ్గర ఉన్నాయి. పండ్లు పట్టుకుని వచ్చారు, కంటతడి పెట్టారు. నయమయ్యాక ఎవరూ రాలేదు. రావడానికి కారణం లేదు కదా అనుకున్నారు కాబోలు. పావని తోటివాళ్ళు పరీక్షలు రాసి వేర్వేరు ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఆమె ఒక సంవత్సరం వెనుకబడి, తనకన్నా చిన్నవాళ్ళతో కూర్చుని చదివి, మూడవ ఏడు మార్చిలో పరీక్ష రాసింది. ఫోనులో స్నేహితుల బృందం నుంచి తనే బయటికి వచ్చేసింది. ఎందుకని అడిగితే, "నేనేదైనా రాస్తే అందరూ దండం బొమ్మలు పెడతన్నారు తాతా. జోకు రాసినా దండాలే," అంది.

చిన్న దగ్గు వచ్చినా పెరటి తలుపు వెనక నిలబడి వేళ్ళతో మెడ తడుముకునేది. మూడు నెలల పరీక్ష దగ్గరపడే వారం ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇక నేను, చికిత్స ముగిసినా, రోజూ ఉదయం ఆరు గంటలకు థర్మామీటరు పట్టుకుని వెళ్ళి జ్వరం చూసి రాసేవాణ్ణి. అలా ఇరవై రెండు నెలలు రాశాను. ఆ అంకెల్లో ఒక్కటి కూడా ఎక్కువ లేదు. ఆమె మాట్లాడకుండా నోరు తెరిచేది, మాట్లాడకుండా మూసేది. అది శ్రద్ధ అని నా ఉద్దేశం.

రెండవ అంశంలోని డాక్టరు చెడ్డవారు కారు. గది బయట నలభై మంది వేచి ఉన్నారు. కానీ ఆ ఒక్క వాక్యం చెప్పడానికి పావని మూడు రోజులు బలం కూడదీసుకుంది. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ వైపు తిరిగి, "ఇంక సెప్పను," అంది. నాతో అన్నదో, తనతో అన్నదో తెలియలేదు.

మూడవ అంశంలోని పెళ్ళి మా చెల్లెలి మనుమరాలిది. మండపం ద్వారం దగ్గర పావని అక్షింతల పళ్ళెం పట్టుకుని నిలబడింది. జుట్టు చెవుల దాకా పెరిగింది. ఆ రోజు పూలు పెట్టుకుంది. మా చెల్లెలి కోడలు వచ్చి ఎంతో మెత్తగా, "నీరసంగా ఉన్నావమ్మా, ఇలా ఇచ్చీ, నువ్వు కూకో," అని పళ్ళెం తీసుకుంది. లోపలికి వెళ్ళాక ఆమె గొంతే, ఈసారి మెత్తగా కాదు: "పెళ్ళికూతురి ముందర పళ్ళెం ఆ పిల్ల సేతికి ఎవులిచ్చినారు?" నేను విన్నాను. పావని కూడా వింది. ఉత్తి చేతులతో ఎక్కడ నిలబడాలో తెలియక ఆమె చెప్పుల దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేను ఆ రోజు లోపలికి వెళ్ళి అడగవలసింది. వెళ్ళలేదు. పుస్తకంలో రాసుకున్నాను.

మూడవ ఏడు జూలైలో డిగ్రీలో సీటు వచ్చింది. వసతి గృహంలో గది కోసం పావనీ నేనూ వెళ్ళాము. దరఖాస్తులో గతంలో పెద్ద జబ్బులేమైనా చేశాయా అన్న గడిలో పావని నిజం రాసింది. వార్డెన్ అది చదివి కళ్ళద్దాలు తీసింది.

"మీకు తెలీనిదేటుంది మాస్టారూ? ఒక్కో గదిలో నలుగురు పిల్లలుంటారు. రేపేటైనా అయితే మిగతా తల్లిదండ్రులు నన్నడుగుతారు. మళ్ళీ రాదని డాక్టరు గారి చేత ఒక్క కాగితం రాయించి తెచ్చీండి. అప్పుడే గది ఇచ్చేస్తాను."

"మిగిలిన ముగ్గురి దగ్గర అటువంటి కాగితం తీసుకున్నారా?"

"వాళ్ళకేటి? వాళ్ళు బాగానే ఉన్నారు కదా."

"నేనూ బాగానే ఉన్నానండీ," అంది పావని. వార్డెన్ ఆమె వైపు చూడలేదు. నాతోనే, "అమ్మాయిని కొంచెం ఎండలోంచి ఇవతలికి రమ్మనండి," అంది.

డాక్టరు గారిని అడిగాను. ఆరోగ్యంగా ఉంది, చదువుకోవచ్చు, అందరితో కలిసి ఉండవచ్చు, ఇది అంటుకునేది కాదు అని సంతకం చేసి ఇచ్చారు. మళ్ళీ రాదని మాత్రం రాయలేమన్నారు. "అటువంటి కాగితం ఏ మనిషికీ ఎవరూ ఇవ్వలేరు మాస్టారూ. నాకు కూడా ఎవరూ ఇవ్వలేదు." ఆ పత్రాన్ని వార్డెన్ అంగీకరించలేదు. తరువాత నేను రాసిన రెండు లేఖలు, వాటి గతి పైన చెప్పాను. ఫోనులో మాట్లాడిన కార్యాలయ ఉద్యోగి అన్నది కూడా రాసి ఉంచాను: "ఎందుకు మాస్టారూ ఈ కాయితాలు? ముందర అమ్మాయి ఆరోగ్యం సూసుకోండి. సదువెక్కడికి పోతాది?"

గది లేదు కాబట్టి పావని రోజూ కోటబొమ్మాళి నుంచి విజయనగరానికి రైలులో వెళ్ళి వచ్చేది. రాకపోకలకే ఐదు గంటలు. సాయంత్రం బండి వేళకు నేను ప్లాట్‌ఫారం మీద, ఒకప్పుడు నేనే జెండా పట్టుకుని నిలబడిన చోటుకు ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవాణ్ణి. ఆమె చివరి పెట్టెలోంచి దిగేది. "తిన్నావా?" అంటే "తిన్నాను." అంతే. ఇద్దరం ఇంటికి నడిచేవాళ్ళం. మూడున్నర నెలల్లో ఆమె ఒక్క తోటి విద్యార్థిని పేరు కూడా చెప్పలేదు. తరగతి అయిన వెంటనే బండికి పరుగెత్తే మనిషికి స్నేహాలు ఎక్కడివి?

నవంబరు 3న, "రేపు బండికి లేపకు తాతా," అంది.

నా చెయ్యి దానంతట అదే థర్మామీటరు వైపు వెళ్ళింది. "ఒంట్లో బాగులేదా?"

"ఒంట్లో బాగానే ఉన్నాది. ఒళ్ళు తప్ప నాకింకేటీ లేదనుకుంటన్నావేటి?"

ఆ రోజు నుంచి కళాశాలకు వెళ్ళలేదు. గది తలుపు వేసుకుని ఉండేది. పాడటం ఎప్పుడో మానేసింది. ఉమ బతిమాలింది, కోప్పడింది, చివరికి తలుపు ఇవతల కూర్చుని పప్పు ఏరుకుంటూ ఊరుకుంది. రవి వచ్చిన రోజున తలుపు మీద రెండుసార్లు తట్టి, పేరు పిలవలేక, తిరిగి డ్యూటీకి పోయాడు. పావని బతికి ఉండటం ఒకటి, బతకడం మరొకటి అని మాకు అప్పుడు అర్థమైంది. రెండవది చేజారిపోతోందని కూడా తెలిసింది. ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

డిసెంబరు 13న వంతుల పట్టిక రాసి, గుడికి పంపేముందు ఆరడానికి నా బల్ల మీద పరిచాను. పావని మంచినీళ్ళకు వచ్చి బల్ల దగ్గర ఆగింది. చాలాసేపు చూసింది.

"తాతా, రైల్వేలో పెన్సిల్‌తో ఏటి రాస్తారు?"

"రిజిస్టరులో ఏదీ రాయరు. పెన్సిల్ నిషిద్ధం. నీకు చెప్పాను కదా."

"మరి నేను ఏ బండిని?"

ఇరవై మూడవ రోజు ఎదుట 'పావని, వీలైతే' అని పెన్సిల్‌తో ఉంది. దాని పక్కన, సిరాతో, ఇంకొక అమ్మాయి పేరు. ముప్పై రోజులలో అదొక్కటే పెన్సిల్ రాత. అంతకు ముందు ఏడు కూడా అలాగే రాశాను. ఆ సంవత్సరం పావని పాడటానికి రాలేదు, ఎందుకు రాలేదని మేము అడగలేదు. నీరసమనుకున్నాము. ఆ పట్టిక చూసే రాలేదని ఇప్పుడు చెప్పింది.

"పెళ్ళిలో అత్త పళ్ళెం లాక్కుంటే రాసుకున్నావు. వార్డెన్ కాగితం అడిగితే రాసుకున్నావు. నువ్వు చేసింది ఎక్కడ రాశావు తాతా?"

నా పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్ళింది. తిరిగి ఇచ్చేటప్పటికి ఏడవ అంశం చేరి ఉంది. దాని కింద, నా లేఖల మాటలే నాకు ఎదురుగా: 'ఇందుకు గల కారణాన్ని పదిహేను రోజులలోగా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.' కింద సంతకం, తేదీ.

నా జీవితంలో ఎన్నో సంజాయిషీలు రాశాను. ఆలస్యమైన బండికి, విరిగిన గేటుకు, తప్పిపోయిన పార్సిలుకు. వాటిలో ఒక్కటి కూడా ఇంత కాలం పట్టలేదు. పదమూడు రోజులు రాసి కొట్టివేసి, పద్నాలుగవ నాడు, డిసెంబరు 27న, ఈ జవాబు ఆమె చేతికి ఇచ్చాను. ఆమె అనుమతితో ఇక్కడ ఇస్తున్నాను.

'పావనికి. నీవు చికిత్సలో ఉన్న సంవత్సరం నీ పేరు సిరాతో రాశాను. ఆ రోజు నీవు ఆసుపత్రిలో ఉన్నావు గనుక పేరు మీద గీత గీసి సంతకం పెట్టాను. ఆ గీత వంకర పోయింది. ముప్పై ఆరేళ్ళలో నా గీత వంకర పోలేదు. గీస్తున్నప్పుడు, ఇక ఈ పేరు మళ్ళీ రాయనక్కర లేదేమో అన్న ఆలోచన వచ్చింది. ఆ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అటువంటి గీత మరొకటి గీయలేనని తెలిసి, తరువాతి రెండేళ్ళు పెన్సిల్‌తో రాశాను. పెన్సిల్ రాతకు గీత అక్కరలేదు, చెరిపితే చాలు. నీకు చోటు ఉంచానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నీవు లేని పట్టికను ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఇందులో నీ తప్పు లేదు, నీ ఆరోగ్యానికి సంబంధం లేదు. భయం నాది. దాన్ని నీ పేరు మీద రాశాను.'

పావని గుమ్మంలో నిలబడి చదివింది. చదివి నా ఎదుటి కుర్చీలో కూర్చుంది. అలా కూర్చుని చాలా నెలలయింది.

"నాకూ భయమే తాతా. దినామూ భయమే. మీరందరూ భయం లేనట్టు ఉంటే, నా ఒక్కదానికే అనుకున్నాను."

ఉమ వంటగదిలోంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది.

"కొట్టెయ్యాల్సొస్తే కొట్టేద్దువుగాని," అంది పావని. "ముందర రాయి."

గుడికి వెళ్ళి, గోడ మీద పట్టికలోనే, రెండవ అమ్మాయి పేరుకు గీత గీసి సంతకం పెట్టి, పావని పేరు సిరాతో రాశాను. ఆ అమ్మాయికి నేనే చెప్పాను. పరీక్షలున్నాయి, మంచిదే అంది. మర్నాడు ఉదయం ఆరు గంటలకు థర్మామీటరు బీరువాలో పెట్టాను.

జనవరి 7, ఇరవై మూడవ రోజు. మంచు దట్టంగా పడుతోంది. గుడిలో మేము కాక ఆరుగురే ఉన్నారు. పావని పాడింది. గొంతు మునుపటిది కాదు. కిందికి దిగింది, ఒకచోట తెగింది. ఆగి, ఊపిరి తీసుకుని, తెగిన చోటి నుంచే అందుకుంది. ముందు వరుసలో కూర్చున్న ముసలావిడ పక్కనున్న ఆవిడతో, "గొంతు మారినాదే," అంది. "మారదేటి? పిల్ల ఎన్ని సూసి వచ్చినాది?" అంది ఆ రెండో ఆవిడ. రవి ఆ రోజు సెలవు పెట్టి వచ్చాడు. మండపం స్తంభం వెనక నిలబడ్డాడు. పాట అయ్యాక కూతురి చెప్పులు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఉమ ఆ చెప్పుల వైపు చూసింది.

దీనితో అంతా చక్కబడిందని రాస్తే అబద్ధపు పద్దు అవుతుంది. ఆ మధ్యాహ్నం కూడా ఆమె పెరట్లో మెడ తడుముకోవడం చూశాను. తేడా ఒక్కటే. నేను చూశానని చెప్పాను. "నన్ను సూడమంటావా?" అన్నాను. చూపించింది. ఏమీ లేదు. ఇద్దరం కాసేపు అక్కడే కూర్చున్నాము.

జనవరి 12న ఆసుపత్రి పరీక్ష. నడవలో అప్పలనర్సమ్మ పావని జుట్టు ముట్టుకుని చూసి, పేలు లేవని ఒప్పుకుంది. మొహం చూసి, "నిదర లేదేటే?" అని అడిగింది. రెండేళ్ళలో ఆ ఆసుపత్రిలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

"మూడో అంతస్తులో ఒక మేడం కూకుంటాది. సూది లేదు, మందు లేదు, మాటాడతాది అంతే. నీలాటోళ్ళు శానామంది వస్తారు. ఎల్లినావా ఎప్పుడైనా?"

వెళ్ళలేదు. అటువంటి గది ఉందని మాకు ఏ కాగితంలోనూ రాయలేదు, ఎవరూ చెప్పలేదు. పావని మెట్లెక్కి వెళ్ళింది. యాభై నిమిషాలు లోపల ఉంది. బయటికి వచ్చి, నా చేతిలో పుస్తకం చూసి, "ఇది మాత్రం రాయకు తాతా," అంది. రాయలేదు. వెళ్ళిందన్న ఒక్క సంగతి, ఇతరులకు ఉపయోగపడుతుందని, ఆమె రాయమంటేనే ఇక్కడ రాశాను. మీ పిల్లలకు చికిత్స ముగిసిన రోజున, ఇంటికి తెచ్చే కాగితాలతోపాటు అటువంటి గది ఎక్కడ ఉందో అడిగి తెలుసుకోండి. లడ్డూలు తరువాత పంచుకోవచ్చు. జ్వరం ఎంత అని అడిగే నోటితోనే భయంగా ఉందా అని కూడా అడగండి. మీకు భయంగా ఉంటే ఆ మాట కూడా వాళ్ళకు చెప్పండి.

తిరిగి వస్తూ బస్సులో పావని, "హాస్టలుకి మళ్ళీ రాయి తాతా," అంది. "ఈసారి నేనూ సంతకం పెడతాను. వార్డెన్ గారు నన్ను సూడకుండా నీతోనే మాట్లాడింది."

కాబట్టి, డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ గారికి, వసతి గృహం వార్డెన్ గారికి ఈ కింది విషయం తెలియజేస్తున్నాము. ఈ వ్యాసం ప్రతి ఒకటి రిజిస్టరు పోస్టులో మీకు పంపుతున్నాము.

స్టేషన్ మాస్టరు పక్క స్టేషన్ దాకా దారి ఖాళీగా ఉందని మాత్రమే రాసి ఇస్తాడు. బండి చివరి స్టేషన్ వరకు క్షేమంగా చేరుతుందని ఏ మాస్టరూ రాసి ఇవ్వలేదు, ఏ బండీ అందుకోసం ఆగిపోలేదు. ఈనాటికి ఆరోగ్యంగా ఉన్నదని డాక్టరు ఇచ్చిన పత్రం నకలు దీనితో జతచేశాము. మీ వసతి గృహంలోని మరే విద్యార్థినినీ అడగని భవిష్యత్తు పూచీని పావని ఒక్కతెనే ఏ నియమం కింద అడిగారు? ఆ నియమం సంఖ్య ఏమిటి? అటువంటిది లేకపోతే, ఫిబ్రవరి రెండవ వారంలో రెండవ సెమిస్టరు తరగతులు మొదలయ్యేలోగా ఆమెకు, నలుగురు ఉండే గదిలో, మిగిలిన ముగ్గురితోపాటు చోటు ఇస్తున్నారా లేదా? విడిగా ఒంటరి గది ఇస్తామంటే అంగీకరించము.

ఫోను చేయవద్దు. నా మనుమరాలు నన్ను అడిగినప్పుడు నేను పదిహేను రోజుల గడువులో రాతపూర్వకంగా జవాబు ఇచ్చాను. అది నాకు సులువు కాలేదు. మీకూ అదే గడువు. ఈ లేఖ అందిన నాటి నుంచి పదిహేను రోజులలోగా, సిరాతో, సంతకంతో, మీ జవాబు పావని పేరు మీద పంపవలసిందిగా కోరుతున్నాము.

జనవరి 20.

(సంతకం) పావని
(సంతకం) పావని తాత, రిటైర్డ్ స్టేషన్ మాస్టరు, కోటబొమ్మాళి